మూడో పిలుపు దాకా

మా ఆటలో అందరికంటే ఎక్కువసార్లు చచ్చిపోయిన మనిషి మా పంకజం పెద్దమ్మ. ప్రతిసారీ ఒకే చోట, ఒకే తప్పు చేసి. ఆ తప్పు చెయ్యకూడదని మాకు చిన్నప్పుడు నేర్పింది కూడా ఆవిడే. అందుకే నాకు అంత ఒళ్ళు మండింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. అందులో బొమ్మలు లేవు, పాటలు లేవు, తుపాకులు అసలే లేవు. నల్లటి తెర మీద తెలుగు అక్షరాలు వస్తాయి. మొదట నీ పేరు అడుగుతాయి. తర్వాత, నువ్వొక పాత ఇంట్లో ఒంటరిగా ఉన్నావు, మిట్టమధ్యాహ్నం అని చెబుతాయి. ఇక ఏం చేస్తావో నువ్వే రాయాలి. 'కిటికీ చూడు' అని కొడితే కిటికీలోంచి కనిపించేదేమిటో వస్తుంది. 'మేడ ఎక్కు' అంటే ఎక్కుతావు. నువ్వు చేసే ఒక్కో పనికీ ఎండ కొంచెం జరుగుతుంది. ఆ ఇంట్లో ఏదో ఉంది. పొద్దు గుంకేలోపల అదేమిటో తెలుసుకుని బయటపడాలి. ఆట పేరు 'మధ్యాహ్నం'.

దయ్యాల కథకి మధ్యాహ్నమేమిటని అందరూ అడిగారు. పుదుచ్చేరిలో ఒంటిగంట దాటాక మా వీధిలో ఒక్కసారి నిలబడి చూడమంటాను. దుకాణాల షట్టర్లు దిగిపోతాయి. మనుషులు తిని పడుకుంటారు. ఎవరింట్లోనో మిక్సీ తిరిగి ఆగిపోతుంది, ఆ తర్వాత ఇంకేమీ వినిపించదు. చీకట్లో భయపడటానికి రచయిత సాయం ఎవరికీ అక్కర్లేదు. అన్నీ స్పష్టంగా కనిపిస్తూ మనిషి మాత్రం కనిపించనప్పుడు కలిగే దిగులు వేరు. దాన్ని రాయాలని నా పట్టుదల.

రాసేది నేను, కీర్తికని. ఆటను నడిపే ప్రోగ్రాం రాసేది మా పిన్నమ్మ కొడుకు భువనేశ్. ఊరి పక్కనే మేట్టుపాళయంలో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటాడు, ఆదివారం సెలవు. వాడికి తెలుగు చదవడం రాదు. వాడికనేముంది, మా ఇళ్ళలో ఎవరికీ రాదు. తరాల కిందట వచ్చి ఇక్కడ పాతుకుపోయిన వాళ్ళం. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. నేనొక్కదాన్నే పెద్దయ్యాక పలకా బలపం పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను, ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి చెబుతూ ఉంటాను. కాబట్టి నేను రాసిందంతా భువనేశ్ కంటికి ముద్దలు. ఒక్కో ముద్దకి ఒక పేరు పెట్టుకుని ఎక్కడిదక్కడ అతికిస్తాడు.

"అక్కా, వంటింటి ముద్ద తెర దాటి పోతా ఉండాది. సగం కొయ్యి" అంటాడు.

"అందులో ఏముందో తెలుసా నీకు? ఆ వాక్యం రాయడానికి రెండు పూటలు పట్టింది."

"నాకెందుకు తెలియాల? ఆడేవాడు చదవడు. చేతికి పని లేకపోతే కన్ను పారిపోతాది."

మా ఇద్దరికీ ఇదే పేచీ. వాడి లెక్కలో ఆటంటే నియమాలు, మాటలు వాటికి వేసిన రంగు. నా లెక్కలో ఆటంటే కథ, నియమాలు దానికి కట్టిన మెట్లు. ఇద్దరం ఒకే ఇల్లు కడుతూ చెరో గోడ మీద నిలబడి అరుచుకుంటున్నాం.

పేచీ అంతా వచ్చి వీధి తలుపు దగ్గర ఆగిపోయింది. ఆటకి నడిబొడ్డు ఆ ఘట్టమే. నువ్వు వంటింట్లో ఉండగా బయటి నుంచి ఒక గొంతు నీ పేరు పెట్టి పిలుస్తుంది. నీకు బాగా తెలిసిన గొంతు. అప్పుడేం చేస్తావు? మా ఇళ్ళలో పుట్టిన పిల్లలకి దీని జవాబు మాటలతో పాటే వస్తుంది. బాహూరు చెరువు కింద సేద్యం చేసుకున్న మా అమ్మమ్మ తన ముగ్గురు కూతుళ్ళకీ చెప్పింది, ఆ ముగ్గురిలో పెద్దదైన పంకజం పెద్దమ్మ మాకు చెప్పింది. మిట్టమధ్యాహ్నం గానీ దీపాలవేళ గానీ బయటి నుంచి ఎవరైనా పిలిస్తే మొదటిదానికి పలకకూడదు. రెండోదానికీ పలకకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిది రెండింటితో ఆగిపోతుంది.

ఈ నియమాన్ని ఉన్నదున్నట్టు ఆటలో పెట్టాం. తొందరపడితే చావు. ఆ చావుకి నేనొక వాక్యం రాసి మురిసిపోయాను: 'నువ్వు పలికావు. ఇక ఆ గొంతు నీది కాదు.'

నెల్లూరు నుంచి ఒకరు, హైదరాబాదు నుంచి కొందరు ఆడి చూసి అభిప్రాయాలు పంపారు. ఆ నెల్లూరాయన ఇలా రాశాడు: 'తలుపు దగ్గర ఊరికే ఉండు ఉండు అని కొడితే సరిపోతుంది. కథ చదవలేదు గానీ ఆట పూర్తి చేశాను. బాగుంది.' కథ చదవకుండా బాగుండటమేమిటి! ఆ రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు. చెన్నైలో కొత్త ఆటలు చూపించే ఒక చిన్న సంతకి దీన్ని పంపాలని మా ఆశ. ఆ ఘట్టం పండకపోతే పంపడానికి ఏమీ లేదు.

అలాంటి సమయంలో పెద్దమ్మ నేనూ ఆడతానంది.

పెద్దమ్మ ఇంటి మేడ మీదే నా గది. ఆవిడ పెద్ద మార్కెట్ పక్కన తాళ్ళ దుకాణం నడుపుతుంది. సోలై నగర్ నుంచి వచ్చే జాలర్లకి నైలాన్ తాళ్ళూ వలదారమూ అమ్ముతుంది, బేరమాడేవాళ్ళని నోటితోనే తరిమేస్తుంది. దుకాణం బోర్డు మీద ఇప్పటికీ ఎస్. లోకనాథన్ అనే ఉంటుంది. ఆయన మా పెద్దనాయన. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం దుకాణం నుంచి వచ్చి, ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని అక్కడే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. నేనప్పుడు చెన్నైలో పనిచేస్తున్నాను. నాకు తెలిసింది అంతవరకే.

పెద్దనాయన పిలుపు మా బంధువుల్లో పెద్ద వేళాకోళం. పెద్దమ్మ మూడో పిలుపుకి గానీ తలుపు తియ్యదు కదా, అందుకని ఆయన గుమ్మం దగ్గరికి రాగానే "పంకజంపంకజంపంకజం" అని మూడూ ఒకే ఊపిరిలో పిలిచేసేవాడు. వీధంతా నవ్వేది. లోపల నుంచి ఆవిడ కూడా నవ్వుతూనే వచ్చి గడియ తీసేది.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, తిని, చెయ్యి కడుక్కుని మా ముందు కూర్చుంది పెద్దమ్మ. నేను తెర మీదది చదువుతాను. ఆవిడ ఏం చెయ్యాలో నోటితో చెబుతుంది. నేను కొడతాను. భువనేశ్ పక్కన కూర్చుని చూస్తాడు.

"'పాత ఇల్లు. మధ్యాహ్నం. గాలి లేదు. నువ్వొక్కదానివే ఉన్నావు.' ఏం చేస్తావు పెద్దమ్మా?"

"ఇల్లు చిమ్మిండారా?"

కొట్టాను. ఆట ఒక్కటే మాట అంది. తనకి నేర్పని పని ఏది చెప్పినా అది అనే మాట అదే: 'అర్థం కాలేదు. వేరేలా చెప్పు.'

"సరి, చిమ్ము."

'అర్థం కాలేదు. వేరేలా చెప్పు.'

"కుండలో నీళ్ళు ఉండాయా చూడు. పెరటి తలుపు మూసుండాదా?"

'అర్థం కాలేదు. వేరేలా చెప్పు.'

"ఏందే ఇది! ఇల్లంటావు, ఇంట్లో ఒక్క పనీ జెయ్యనియ్యవు. ఊరికే అటూ ఇటూ తిరిగేదానికి అదేమన్నా మ్యూజియమా?"

భువనేశ్ నవ్వాడు, కానీ ఫోనులో ఏదో రాసుకున్నాడు. నాకు చిరాకేసింది. ఎంతో కష్టపడి రాసిన మేడ మెట్లు, నేలమాళిగ, గోడ లోపల నుంచి వచ్చే చప్పుడు, ఆవిడకి ఏవీ పట్టలేదు. ఎలాగో నెట్టుకుంటూ వీధి తలుపు ఘట్టానికి వచ్చాం.

"'నువ్వు వంటింట్లో ఉన్నావు. బయటి నుంచి ఎవరో పిలిచారు, పంకజం అని.'"

నా నోటి నుంచి మాట పూర్తి కాలేదు. "తలుపు తియ్యి" అంది పెద్దమ్మ.

కొట్టాను. "'నువ్వు పలికావు. ఇక ఆ గొంతు నీది కాదు.' చచ్చిపోయావు పెద్దమ్మా."

"నేనెప్పుడు పలికినా? తలుపు తీసినా, అంతే."

"రెండూ ఒకటే పెద్దమ్మా. ప్రోగ్రాంలో పలికినా తీసినా ఒకే చోటికి పోతాది" అన్నాడు భువనేశ్.

"ఎట్ల ఒకటవుతాది?" అంది ఆవిడ. ఆ అడగడంలో అంత కోపం ఎందుకో మాకు అర్థం కాలేదు. "మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాం. మళ్ళీ మొదటి పిలుపుకే తలుపు తియ్యమంది. ఆ వారమంతా మధ్యాహ్నం భోజనం కాగానే మేడ మీదకి వచ్చి కూర్చునేది. మొదటి నుంచీ వద్దు, నేరుగా తలుపు దగ్గరికి పొమ్మనేది. పిలుపు వినగానే తలుపు తియ్యమనేది. చచ్చిపోయేది. నా అందమైన వాక్యాన్ని నేనే పదేపదే చదివి దాని మీద నాకే విసుగు పుట్టింది.

తర్వాతి ఆదివారం భువనేశ్ ఓపిక పట్టలేకపోయాడు. "పెద్దమ్మా, నువ్వు నేర్పిందే కదా! మూడోదాకా ఉండు. ఉంటే గెలుస్తావు."

"గెలిచి ఏం జేసేది రా?"

పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. చేతులు తడిగా లేవు. తర్వాత చెప్పింది. మాకు చెప్పినట్టు కాదు, తెరకి చెప్పినట్టు.

"ఆ పొద్దు నేను ముందే ఇంటికొచ్చినా. గడియ పెట్టుకోని పొయ్యి కాడ ఉండా. బయట నుంచి పిలిచినారు, పంకజం అని. ఒక్కసారే. ఆయన గొంతే. ఆయనైతే మూడూ ఒకటిగా పిలుస్తాడు గదా, ఇదేంది ఒక్కటే అనుకున్నా. నాకు గుండె జల్లుమనింది. ఆయన గొంతుతో ఇంకేదో వచ్చిందనుకున్నా. పలకలా. కొంచెం పొద్దు పోయినాక మళ్ళీ పిలిచినారు. ఇంకా సన్నంగా. పొయ్యి ఆర్పేసి నిలబడినా, మూడోది వస్తాదా అని. రాలే."

భువనేశ్ ఫోను పక్కన పెట్టేశాడు.

"రాలేదే, నేను తప్పించుకున్నా అనుకున్నా" అంది. "చేతులెత్తి దణ్ణం పెట్టుకున్నా గూడా. ఎదురింటి సెంగమలం వచ్చి తలుపు బాదినాకే తీసినా."

భువనేశ్ మెల్లగా అడిగాడు. "ఎవురికైనా చెప్పినావా పెద్దమ్మా?"

"ఎవురికి చెప్పేది? డాక్టరు అన్నాడు, ముందు తీసినా ఏమీ అయ్యుండేది లేదు అని. ఆయనకేం తెలుసు. పలకొద్దని గదా మా అమ్మ చెప్పింది. తలుపు తియ్యొద్దని చెప్పలే. నోరు మూసుకోని పొయి గడియ తీసుండొచ్చు. ఈ ఆట ఆడేదాకా అది నాకు తోచనే లే."

నాకు ఏడుపొచ్చింది. భయపెట్టాలని సరదాగా ఆటలో పెట్టిన చోటనే ఈవిడ రెండేళ్ళుగా నిలబడి ఉంది. అక్కడ నేను రోజూ ఆవిడకి 'చచ్చిపోయావు' అని చదివి వినిపించాను.

"ఈ తలుపు తీసేద్దాం పెద్దమ్మా. ఆ ఘట్టమే వద్దు" అన్నాను.

"ఎత్తేస్తే నేను నీతో మాట్లాడను" అంది. అన్నంత పనీ చేసే మనిషి. "నేనింకా ఆడాల. పలకకుండా తలుపు తీస్తే బయట ఎవురుండారు? అది నాకు చెప్పు. నీ ఆటే గదా. నువ్వే గదా రాసేది."

చెప్పులేసుకుని దుకాణానికి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాట నేను రాయాలి. తలుపు అవతల ఎవరున్నారో. నేను ఏం రాస్తే ఆవిడ అది వింటుంది, మళ్ళీ మళ్ళీ వింటుంది, ఇంటికి పట్టుకుపోతుంది. చెన్నై సంత గడువు నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

మొదట పెద్దనాయన నవ్వుతూ నిలబడినట్టు రాశాను. చదువుకుంటే అసహ్యం వేసింది. సరుకు వేలితో తడిమి నాణ్యం చెప్పే మనిషికి నకిలీ తాడు అమ్మబోయినట్టుంది. తర్వాత ఎవరూ లేనట్టు, ఖాళీ తిన్నె, ఎండ, అని రాశాను. అది నకిలీ కాదు గానీ క్రూరం. తర్వాత మరీ పొడుగ్గా రాశాను. నీడల గురించి, కాలం గురించి, ప్రేమ గురించి. మరుసటి ఆదివారం భువనేశ్ ఆ ముద్దని తెర మీద పెట్టి చూసి, "ఇంత పొడుగేంది? భయపడి రాసినట్టుండాదే" అన్నాడు.

"చదవడం రానోడివి, నీకెలా తెలుసు భయపడి రాశానని?"

"నువ్వు గట్టిగా తెలిసింది పొట్టిగా రాస్తావు. తెలీనప్పుడు పొడుగు రాస్తావు. ఇన్ని నెల్లుగా ముద్దలు మోస్తా ఉండా, ఆ మాత్రం తెలీదా?"

కొట్టాలనిపించింది. నిజమే చెప్పాడు గనక కొట్టలేదు.

ఇద్దరం పెద్దమ్మ ఇంటి తిన్నె మీదే కూర్చుని ఆలోచించాం. ఆ నెల్లూరాయన ఎందుకు భయపడలేదు? ఆయనకి తలుపు అవతల ఉన్నవాళ్ళెవరూ అక్కర్లేదు. ఉండు ఉండు అనుకుంటూ హాయిగా ఉండిపోయాడు. పెద్దమ్మకి నియమం తెలుసు, తెలిసీ ఉండలేకపోతోంది. నియమం భయపెట్టాలంటే దాన్ని దాటాలని చెయ్యి దురద పెట్టాలి. ఆ దురద పుట్టించేది కథ. అంటే మేమిద్దరం కొట్టుకున్నది ఒకే వస్తువు కోసం. అంత తేలికైన సంగతి తెలుసుకోవడానికి మాకు పెద్దమ్మ ఇన్నిసార్లు చావాల్సి వచ్చింది.

"ఆయన బతికినాడని రాయొద్దు అక్కా. చచ్చిపోయినాడనీ రాయొద్దు" అన్నాడు భువనేశ్. "తలుపు తీసినాక నువ్వు ఏమీ చెప్పొద్దు. ఒక లైను చాలు. మిగతాది ఆమె చెయ్యనీ. ఆ పొద్దు ఆమెకి చెయ్యనీకి దొరకలేదు గదా."

"ఏం చేస్తుంది?"

"నీళ్ళిస్తాది. పక్కన కూచుంటాది. అవన్నీ నేను నేర్పిస్తా ఆటకి. పలికేది వేరే, తలుపు తీసేది వేరే జేస్తా. ఇంకోటి... ఆ తిన్నె కాడ ఎండ జరగకుండా ఆపేస్తా. మిగతా ఇంట్లో యాడున్నా పనికింత పొద్దు పోతాది. ఆడ మాత్రం పోదు. ఆమెకి చాలు అనిపించిందాకా ఉండనీ."

నా జీవితంలో నేను విన్న మంచి వాక్యాల్లో అదొకటి. చదవడం రానివాడు చెప్పాడు. వాణ్ణి పొగిడితే నెత్తినెక్కుతాడని "సరే చూద్దాం" అని ఊరుకున్నాను. వాడు ఇల్లు చిమ్మడం, నీళ్ళు పట్టడం, పెరటి తలుపు మూయడం కూడా ఆటకి నేర్పాడు. నేను మేడ మెట్ల మీద రాసినదాంట్లో సగం కోసేశాను. ఆ కోతకి వాడి ముందు ఏడవలేదు, అది నా గొప్ప.

గడువు దాటిపోయింది. పనైపోయిందని చెప్పగానే పెద్దమ్మ ఆ ఆదివారం మధ్యాహ్నం తినీ తినక వచ్చి కూర్చుంది. వేరే చీర కట్టుకుంది. నేను చూడనట్టు ఉన్నాను.

ఈసారి మొదటి నుంచీ ఆడింది. చిమ్మమంది. 'చిమ్మావు. గడప పక్కన చీమలు బారు తీరి ఉన్నాయి.' పెరటి తలుపు మూయమంది. కుండలో నీళ్ళు చూడమంది. ఒక్కో పనికీ ఇల్లు జవాబిస్తుంటే ఆవిడ ముందుకు వంగి కూర్చుంది. చదువుతున్న నాకే భయం వేసింది. ఇంట్లో పనులు చేసుకుంటున్న మనిషికి ఆ ఇల్లు ఎంత ప్రాణంగా ఉంటుందో, దాని నిశ్శబ్దం కూడా అంతగా వినిపిస్తుంది.

"'బయటి నుంచి ఎవరో పిలిచారు, పంకజం అని.'"

నేను తలుపు మాట కొట్టడానికి వేళ్ళు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"ఉండు" అంది పెద్దమ్మ.

భువనేశ్ నా వైపు చూశాడు. ఆవిడ ఎప్పుడూ ఆగలేదు. కొట్టాను.

"'మళ్ళీ పిలిచారు, పంకజం అని. ఈసారి ఇంకా సన్నగా.'"

"పొయ్యి ఆర్పు."

"'ఆర్పావు.'"

"పలకను. తలుపు తియ్యి."

"'తలుపు తీశావు. తిన్నె మీద ఆయన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నీ వైపు చూశాడు.'"

తెర మీద అడ్డగీత వెలుగుతూ ఆరుతూ ఉంది.

"నీళ్ళియ్యి."

"'ఇచ్చావు. తాగాడు. ఎండ కదల్లేదు.'"

"మొగం తుడువు."

"'తుడిచావు. ఎండ కదల్లేదు.'"

"పక్కన కూచో."

"'కూర్చున్నావు. ఎండ కదల్లేదు.'"

పెద్దమ్మ నిజంగా ఎవరి పక్కనో కూర్చున్నట్టు, భుజం కొంచెం ఒక పక్కకి వంచి కూర్చుంది. భువనేశ్ తల దించుకున్నాడు. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆయన చేతి మీద చెయ్యి వేసినా, తల నిమిరినా, అన్నిటికీ జవాబులు పెట్టాం.

"అడుగు. ఎందుకు ఒక్కొక్కటే పిలిచినావు అని అడుగు."

ఇది మాకు తోచలేదు. అయినా కొట్టాను. తెర మీద వచ్చింది: 'అర్థం కాలేదు. వేరేలా చెప్పు.'

ఆ గదిలో ఆ అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే. పెద్దమ్మ నా నోటి వైపు చూస్తూ ఉంది.

"'ఊపిరి చాల్లేదు పంకజం' అన్నాడు" అని చదివాను.

పెద్దమ్మ లేచి, గోడ పట్టుకుని మేడ మెట్లు దిగి, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినిపించింది.

"అక్కా" అన్నాడు భువనేశ్ గొంతు తగ్గించి. "ఆ ముద్ద నాకు తెలుసు. ఏది అర్థం కాకపోయినా వచ్చే ముద్ద అది. రోజూ చూస్తా ఉండా. నువ్వు చదివింది అది కాదు."

వాడు కంప్యూటరు తన వైపు లాక్కుని ఏదో తెరిచాడు, గబగబా కొట్టాడు, మళ్ళీ నా ముందుకి తోశాడు. "ఈడ రాయి. నువ్వేం చెప్పినావో అదే, మాట మారకుండా. తిన్నె కాడ ఏమడిగినా ఇదే చెప్పేట్టు పెట్టినా."

రాశాను. చాలా పొట్టిగా ఉంది. వాడు దాన్ని అతికించి, ఆటని ఆగిన చోటనే మళ్ళీ తెరిచాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది.

పెద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళు అంగట్లో కూర్చున్న మనిషి. నా ముఖం చూసింది, తర్వాత వాడి ముఖం చూసింది.

"ఇంకోసారి అడుగు. అదే మాట" అంది. "తెరలో ఉండేది చదువు. నువ్వు చెప్పొద్దు."

కొట్టాను. వచ్చింది. చదవలేదు. కంప్యూటరు ఆవిడ వైపు తిప్పి, ఒకటో తరగతి పిల్లకి చూపించినట్టు ఒక్కో మాట కింద వేలు పెట్టాను.

"ఊపిరి. చాల్లేదు. పంకజం."

ఆవిడ నా వేలు పక్కకి జరిపి ఆఖరి మాట మీద తన వేలు పెట్టింది. తాళ్ళు లాగి లాగి మొద్దుబారిన వేలు.

"ఇది నా పేరా?"

"ఆమా, నీ పేరే పెద్దమ్మా."

"ఒక్కసారే ఉండాది."

"ఒక్కసారే."

"పావం" అంది. "మూడుసార్లు అనేదానికి యాడ వస్తాది ఊపిరి. నాకు తెలీలేదు."

గట్టిగా ఏడ్చింది. రెండేళ్ళలో ఆవిడ ఏడవగా మేము చూడటం అదే మొదటిసారి. భువనేశ్ వెళ్ళి కుండలో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, తాగింది. వేలు మాత్రం తెర మీద నుంచి తియ్యలేదు. నాలుగైపోయింది. దుకాణం తెరవాలని ఎవరమూ గుర్తు చెయ్యలేదు.